అప్‌డేట్: వాకింగ్‌లో తాడు లాగేసే కుక్క, సమస్య తీరింది

మా కుక్క వాకింగ్‌లో ప్రతి స్తంభం వైపూ తాడు లాగేస్తోందని, ఇంటికొచ్చాక కూడా స్థిమితంగా పడుకోవట్లేదని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది "దాన్ని వాసన చూడనివ్వండి" అన్న మాటే. మెడపట్టీ బదులు ఛాతీకి హార్నెస్ వేసి, పొడవాటి తాడు కట్టాం. ఇప్పుడు గడ్డి దుబ్బులో మూతి పెట్టిందంటే తనంతట తాను తల ఎత్తేదాకా కదలను. ముక్కుపుటాలు గబగబా ఆడిస్తూ ఒక్కో పరకనీ కింది నుంచి పైదాకా చూస్తుంది, చివర్లో గట్టిగా చీది తనే ముందుకు నడుస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది! నడిచే దూరం బాగా తగ్గింది, అయినా ఇంటికి రాగానే నీళ్లు తాగి హాయిగా పడుకుంటోంది.

నొప్పేమైనా ఉందేమోనన్న టెన్షన్‌తో డాక్టర్‌కి కూడా చూపించాం. కీళ్లు, చెవులు బాగానే ఉన్నాయన్నారు. మనిషి ముక్కులో వాసన గ్రాహకాలు సుమారు 60 లక్షలైతే కుక్కకి 10 కోట్లకు పైనే ఉంటాయి, వాసన చూడటమే దాని మెదడుకి మంచి పని అని చెప్పారు.

తిండి మార్చడం, ఇంకా ఎక్కువ నడిపించడం మాకు అవసరం పడలేదు. రోడ్డు పక్కన మాత్రం తాడు దగ్గరగా పట్టుకోండి. పురుగుమందు చల్లిన గడ్డి, పారేసిన తిండి కనిపిస్తే అక్కడ ఆగనివ్వకండి.