హైదరాబాద్ నుంచి డాలస్ 12న్నర గంటలేనా? టికెట్ మీద టైం అర్థమైతలేదు

కరీంనగర్ తమ్ముడు:
అన్నలూ అక్కలూ, ఒక డౌట్. మా అక్క డాలస్‌ల ఉంటది, డెలివరీ ఉందని అమ్మ పోతుంది, మొదటిసారి, ఒక్కతే. టికెట్ మీద జూన్ 15 పొద్దున 4:00కి శంషాబాద్‌ల బయలుదేరి అదే 15 సాయంత్రం 4:30కి డాలస్‌ల దిగుతదని ఉంది, మధ్యల దుబాయ్‌ల 3 గంటలు ఆగుడు. లెక్కేస్తే 12న్నర గంటలే కదా, అక్కేమో 23 గంటలు అంటుంది. అసలు ఎన్ని కిలోమీటర్లు? నాన్న మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలుస్తుండు 😀

డాలస్ ఆంధ్రా:
మీ అక్క చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. టికెట్ మీద ఎక్కడి టైం అక్కడిదే వేస్తారు. మీకు 15 పొద్దున 4 అయినప్పుడు మాకిక్కడ 14 సాయంత్రం 5:30, ఎండాకాలంలో తేడా పదిన్నర గంటలు, చలికాలంలో ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి పదకొండున్నర. ఆ 12న్నరకి ఈ పదిన్నర కలుపుకో, 23. దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ 3, మిగతా 16 గంటలూ ఒకటే సీటు, అసలు కష్టం అదే. తిరిగొచ్చేటప్పుడు రివర్స్, తేదీ రెండ్రోజులు ముందుకెళ్లిపోయినట్టుంటుంది గానీ పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి ఆ పెద్ద ఫ్లైట్ గంట, గంటన్నర తొందరగానే వచ్చేస్తుంది. ఇమిగ్రేషన్ డాలస్‌లోనే, 4:30కి దిగినా బయటికొచ్చేసరికి ఆరు దాటొచ్చని అక్కకి చెప్పు.

గ్లోబు పిచ్చోడు:
నాన్నగారిని స్కేలు పక్కన పెట్టి గ్లోబు మీద దారం పెట్టి చూడమనండి. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు, డాలస్ 97 పడమర, అంటే దాదాపు భూమికి అటువైపు, అందుకే దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది, సుమారు 14,400 కిమీ. దుబాయ్ మీదుగా అయితే 2,550, 12,900 కలిపి 15,450 దాకా. అంత చుట్టు తిరిగినా పెరిగేది వెయ్యి కిలోమీటర్లే! నిజంగా ఎగిరే దారి గాలిని బట్టి, మూసిన గగనతలాన్ని బట్టి మారుద్ది అనుకోండి. 2021లో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా నడిపింది, తర్వాత ఆపేశారు.

విజయవాడ పిన్ని:
కిలోమీటర్లు సరే గానీ బాబూ, 15 పొద్దున 4 అంటే 14 రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి, మా చుట్టాలాయన ఒకాయన 15 సాయంత్రం సూట్‌కేసులేసుకుని దిగాడు, ఫ్లైట్ వెళ్లి పన్నెండు గంటలైంది పాపం. అమ్మకి వీల్‌చెయిర్ ఇప్పుడే అడిగి పెట్టండి, నడవలేక కాదు, దుబాయ్‌లో గేటు వెతుక్కునే పని తప్పుద్ది. బీపీ, షుగర్ బిళ్లలు చేతి బ్యాగులోనే ఉండాలి, ఏ టైంకి వేసుకోవాలో డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించండి, ఎందుకంటే దారిలో గడియారం రెండుసార్లు మారుద్ది. చికెన్ పచ్చడి మాత్రం పెట్టొద్దు, అక్కడ మాంసం పచ్చళ్లు రానివ్వరు.

కరీంనగర్ తమ్ముడు:
పిన్నీ మీకు దండం!! నాన్న 15 పొద్దున పదింటికి కారు మాట్లాడిండు, ఇప్పుడే ఫోన్ చేసి 14 సాయంత్రం 6కి మార్పించిన. పచ్చడి సంగతి అమ్మకు ఎట్ల చెప్పాల్నో చూడాలె, ఆల్రెడీ రెండు కిలోలు పెట్టింది.