కళ్లు కాయలు కాయడం: ఏ కాయలు?

ప్రశ్న:
అందరికీ నమస్తే. సందేహం చిన్నదే కానీ వారం రోజులుగా వదలట్లేదు. "కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాను" అంటాం కదా, అవి ఏ కాయలు?

ఎక్కడ మొదలైందో చెప్తాను. పీజీకి రెండు స్కాలర్‌షిప్‌లకు అప్లై చేశాను. ఒకటి కొరియా ప్రభుత్వం ఇచ్చే జీకేఎస్. ఫిబ్రవరిలో కాగితాలు పంపాను. ముందు ఎంబసీ వడపోత, తర్వాత అక్కడి జాతీయ సంస్థ వడపోత, ఆఖరున యూనివర్సిటీలు. మూడూ దాటేసరికి జూన్ వచ్చేస్తుంది. రెండోది యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్, అందులో ఒక సెమిస్టర్ జర్మనీలో ఉంటుంది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని పొద్దున కొరియన్, రాత్రి జర్మన్ మొదలుపెట్టాను. మధ్యాహ్నమంతా మెయిల్ తెరవడం, మూయడం. స్పామ్ ఫోల్డర్ కూడా వదలను.

మొన్న కొరియన్ పాఠంలో ఒక నుడికారం వచ్చింది: "నుని ప్పాజిగె కిదరిదా". కళ్లు ఊడిపడేలా ఎదురుచూడటమని అర్థం. కళ్లకు బదులు మెడ ఊడేలా అని కూడా అంటారట. మీ భాషలో ఏమంటారని టీచర్ అడిగారు. కళ్లు కాయలు కాస్తాయి అన్నాను. "చెట్టుకు కాసే కాయలా?" అన్నారు. తెల్లమొహం వేశాను.

జవాబు:
పచ్చికాయలు. పండితే ఫలితం అంటారు.

ప్రశ్న అడిగినమ్మాయి:
నవ్వొచ్చింది కానీ నేనూ నిజంగా అలాగే అనుకునేదాన్ని! ఫలితంలో ఫలం ఉంది. రిజల్ట్ రాలేదంటే ఇంకా కాయే అన్నమాట.

ఇంకొకరు:
చెల్లీ, ఊహ ముచ్చటగా ఉంది గానీ నిలబడదు. కాయ అంటే చెట్టు కాయ ఒక్కటే కాదు, ఒరిపిడికి గట్టిపడిన చర్మం కూడా. పనిచేసి పనిచేసి అరచేతులు కాయలు కాచాయి అంటాం. చెప్పు ఒరుసుకుని కాలికి వచ్చేదాన్ని ఆనెకాయ అంటాం. వాటిలో పండేదేమీ లేదు. కళ్ల సంగతీ అంతే, చూసిందే చూసి చూసి కాయ కట్టాయని అతిశయోక్తి.

ఇంకో సంగతి గమనించు. ఒక్కసారి గట్టిగా ఒరుసుకుంటే వచ్చేది బొబ్బ. కాయ అలా రాదు. రోజూ అదే చోట కొంచెం కొంచెం రాపిడి పడాలి. నువ్వు మధ్యాహ్నమంతా మెయిల్ తెరిచి మూస్తున్నానన్నావే, అచ్చంగా అదే. ఈ నుడికారం పుట్టించినవాళ్లకు మెయిల్ తెలియకపోయినా వెయిటింగ్ బాగా తెలుసు.

ఇక "కాయు" అనే క్రియ సంగతి. చెట్టు కాస్తుంది, ఎండ కాస్తుంది, కాపరి మందను కాస్తాడు. మూడోదే మన విషయానికి దగ్గర. కాపలా ఉండటం నుంచే "కాచుకొని ఉండు" వచ్చింది. కన్నడంలో కాయు అంటే కాపలా ఉండటమే కాదు, వేచి ఉండటం కూడా. తమిళంలో వేచి ఉండటాన్ని కాత్తిరు అంటారు, మన "కాచి ఉండు"కు తోబుట్టువు. నీ జర్మన్‌లోనూ ఇదే కథ. వార్టెన్ అంటే వేచి ఉండటం, కానీ ఆ మాటకు పాత అర్థం కనిపెట్టి చూడటం. వార్టె అంటే కావలి గోపురం. వార్టుంగ్ అంటే యంత్రాలకు చేసే మెయింటెనెన్స్. వేచి ఉండేవాడికీ కావలివాడికీ మెకానిక్కుకీ అక్కడ ఒకే ధాతువు.

వేరొకరు:
అన్నా, ఆనెకాయ దాకా ఒప్పుకుంటా. మరి "కంట్లో పువ్వు వేసింది" అనే మాట సంగతేంటి? నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తే పువ్వు అంటారు. పువ్వు తర్వాత కాయే కదా! పువ్వు దశ కూడా దాటిపోయి కాయ కాసేంతగా చూశానని చమత్కారం అయ్యుండొచ్చు.

పై అన్న:
మంచి ఊహ, కాదనలేను. కానీ పువ్వు వేస్తే చూపే తగ్గిపోతుంది. ఈ నుడికారంలో చూపు తగ్గలేదు, చూసి చూసి మొద్దుబారింది. అందుకే నా ఓటు ఆనెకాయకే.

మరొకరు:
కాచాయా, కాశాయా, కాసాయా? ముందు అది తేల్చండి.

పై అన్న:
మూడూ వింటాం. తేల్చడానికి ఇంకో దారం (థ్రెడ్) కావాలి.

ఒక పెద్దాయన:
అమ్మా, నీ ప్రశ్న కాయ దగ్గర ఆగింది గానీ అసలు సంగతి కన్ను దగ్గర ఉంది. మనం వేచి ఉండటాన్ని చెప్పే మాటల్లో చూపే ఎక్కువ. ఎదురుచూపు సరేసరి. నిరీక్షణలోనూ ప్రతీక్షలోనూ ఉన్నది ఈక్ష్, అంటే చూడటమే. హిందీవాళ్ల ఇంతిజార్ అరబ్బీ నుంచి వచ్చింది, దాని లోపల దాక్కున్నది నజర్. చైనీయుల నుడికారం "వాంగ్ యెన్ యూ ఛువాన్", చూసి చూసి కళ్లకు చిల్లు పడబోతోందని. మన కాయలే నయం.

చూపు లేని భాషలూ ఉన్నాయి. స్పానిష్‌లో ఎస్పెరార్ అంటే వేచి ఉండటం, ఆశపడటం, వస్తుందనుకోవడం, మూడింటికీ ఒక్కటే క్రియ. స్కాలర్‌షిప్‌కు అప్లై చేసినవాళ్లకు ఇంతకంటే ఇబ్బందికరమైన మాట లేదు, వేచి ఉన్నానంటే ఆశపడుతున్నానని ఒప్పుకున్నట్టే. ఫ్రెంచి అతాంద్ర్ లాటిన్ నుంచి వచ్చింది, మూలార్థం అటువైపు సాచడం. జపానువాళ్లు మెడ పొడుగు చేసుకుని ఎదురుచూస్తారు. మీ కొరియన్ టీచర్ చెప్పిన మెడ ఊడటానికి అది ముందు మెట్టు అనుకోవచ్చు!

ఇంకో మాట. మీరంతా స్కాలర్‌షిప్ అంటున్నారు, నేను తప్పు పట్టను. తెలుగులో దాన్ని ఉపకార వేతనం అని పెట్టారు. ఉపకారమైతే వేతనం ఎందుకు, వేతనమైతే ఉపకారం ఎలా? నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జర్మన్ స్టిపెండియుం కూడా లాటిన్‌లో రోమన్ సైనికుడి జీతమే. కొరియన్ మాట ఏమిటో చెప్పగలవా?

ప్రశ్న అడిగినమ్మాయి:
చాంగ్‌హక్కుమ్ అండీ. చదువును ప్రోత్సహించే డబ్బు అని. ఉపకారమూ లేదు, జీతమూ లేదు.

ఎస్పెరార్ సంగతి చదివి కాసేపు ఊరుకున్నాను. నిజమే, ఎవరైనా అడిగితే "ఏదో అప్లై చేశా, చూద్దాం" అంటాను. ఆ "చూద్దాం"లోనే ఆశంతా దాస్తాను. జర్మన్‌లో మొన్ననే ట్సూసాగె, ఆప్‌సాగె నేర్పారు. మొదటిది సెలెక్ట్ అయ్యారన్న కబురు, రెండోది కాలేదన్న కబురు. రెండింటిలోనూ సాగెన్, అంటే చెప్పడం, ఒక్కటే. ముందున్న ముక్క మారితే జీవితం మారిపోతుంది. ఆ రెండు మాటలూ ఒకే రోజు నేర్పకుండా ఉండాల్సింది.

మరొకరు:
రిజల్ట్ రాకముందే భాష ఎందుకక్కా? రాకపోతే వృథా కదా.

ప్రశ్న అడిగినమ్మాయి:
టెన్షన్ తగ్గుతుందని మొదలుపెట్టాను తమ్ముడూ. తగ్గలేదు. కానీ లెక్క కూడా ఉంది. జీకేఎస్ వస్తే మొదటి ఏడాది భాషే. టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో మూడో లెవెల్ తెచ్చుకుంటే గానీ డిగ్రీ క్లాసులోకి వెళ్లలేం. ఐదో లెవెల్ ముందే ఉంటే ఆ ఏడాది మినహాయింపు. నాకు ఐదు అయ్యే పని కాదు, టోపిక్ రెండు అనే పై స్థాయి పేపర్లో మూడో లెవెల్‌కు 300కు 120 మార్కులు చాలు. అక్కడికి వెళ్లాక మొదలుపెట్టేబదులు ఇప్పుడే కొంత దూరం నడిస్తే మంచిదని.

తొమ్మిది రోజుల తర్వాత, ప్రశ్న అడిగినమ్మాయి:
ఎరాస్మస్ నుంచి మెయిల్ వచ్చింది. ట్సూసాగె కాదు, ఆప్‌సాగె కాదు. రిజర్వ్ లిస్ట్. మెయిన్ లిస్టులో ఎవరైనా వద్దంటే వరుసలో కిందివాళ్లను పిలుస్తారు. అంటే ఇంకెవరో మనసు మార్చుకోవాలని నేను కోరుకోవాలి. దీనికి తెలుగులో మాటేమిటి?

జవాబు:
త్రిశంకు స్వర్గం.

ఇంకొకరు:
రైలు టికెట్ భాషలో నిరీక్షణ జాబితా. కన్ఫర్మ్ అయ్యేదాకా బెర్తు లేదు, టికెట్ మాత్రం చేతిలో ఉంటుంది.

ఆనెకాయ చెప్పిన అన్న:
కనిపెట్టుకొని ఉండటం. తెలుగు బైబిల్లో వేచి ఉండటానికి ఈ మాటే వాడారు. ఎదురుచూపులో నువ్వు ఏమీ చేయవు, చూస్తావంతే. కనిపెట్టుకొని ఉండటంలో కాస్త పని ఉంది, కబురు వచ్చిన గంటలోనే కదలడానికి సిద్ధంగా ఉండటం. రిజర్వ్‌లో ఉన్నవాళ్లకు జవాబిచ్చే గడువు తక్కువ ఇవ్వొచ్చు, కాగితాలన్నీ ఒకచోట పెట్టుకో చెల్లీ. స్పామ్ చూడటం మానకు, ఇంతకుముందు నీ మెయిల్ మీద జోకు వేసినందుకు సారీ.

ప్రశ్న అడిగినమ్మాయి:
థాంక్స్ అన్నా. కాగితాలు ఫోల్డర్లో పెట్టాను.

అసలు చెప్పాల్సింది మరిచిపోయాను. నిన్న టీచర్‌కు ఆనెకాయ సంగతి చెప్పాను. ఆవిడ ఒక్కసారిగా నవ్వేశారు. కొరియన్‌లో విన్నదే వినీ వినీ విసుగొస్తే "క్వియె మొషి బఖిదా" అంటారట, చెవిలో "మొత్" దిగిందని. మొత్ అంటే మేకు. చాలామంది కొరియన్లు చెవిలో మేకు దిగబడిందనే అనుకుంటారట. డిక్షనరీ తెరిస్తే మాత్రం అది మేకు కాదు, అదే పలుకుబడి ఉన్న ఇంకో మొత్, పని చేసిన అరచేతికి కట్టే కాయ. చేతికి కట్టాల్సింది వాళ్లకు చెవికి కట్టింది, మనకు కంటికి.

"మీవాళ్లు కూడా ఏ కాయ అని ఇలా గొడవపడతారా?" అని అడిగారు. పడతారు, రెండు వారాలుగా నడుస్తోంది అన్నాను.