నడుస్తూ నడుస్తూ ఆగిపోతున్న పాత కారు: తప్పు ఈ20 పెట్రోల్‌దా, సెన్సర్‌దా?

ఉప్పల్ వాసి:
అందరికీ నమస్కారం. నాది 2008 మోడల్ పెట్రోల్ కారు, నేను రెండో ఓనర్‌ని. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే చర్చ మొత్తం ఆ కంపెనీ మంచిదా కాదా అన్నదాని మీదకి పోతుంది. సమస్య ఏంటంటే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. రోజూ కాదు. వారాల తరబడి బ్రహ్మాండంగా తిరుగుతుంది, మళ్ళీ ఉన్నట్టుండి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొన్న విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక ఎనభై స్పీడులో ఉండగా ఆగింది. వెనక లారీ, కార్లో పిల్లలు, నా టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు. పక్కకి తీసి కాసేపు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. ఒక మెకానిక్ ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లే అంటాడు, ఇంకో ఆయన క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టేది) మార్చేద్దాం అంటాడు. స్కానర్ పెడితే తప్పు చూపించే కోడ్ ఏదీ లేదు. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్ ఇప్పటికే కొత్తవి. ఎవరి మాట వినాలి?

తణుకు డ్రైవర్:
మొదటి మెకానిక్ మాటే వినండి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకే ఈ20ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు పెట్టాలని నిబంధన. 2008 బండి పైపులు, సీళ్ళు ఏ పెట్రోల్‌ని లెక్కలో పెట్టుకుని చేశారో ఆలోచించండి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి లైన్లోకి తోస్తుంది. మా వీధిలో పాత బండ్లన్నీ ఈ మధ్యే మొరాయిస్తున్నాయి, ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకు వచ్చిందంటారు?

కూకట్‌పల్లి కార్లు:
ఈ20 గోల పక్కన పెట్టండి అన్నా. వేడెక్కాక ఆగడం, చల్లారాక స్టార్ట్ అవడం, కోడ్ లేకపోవడం, ఈ మూడూ కలిస్తే క్రాంక్ సెన్సరే. దాని లోపలి కాయిల్ తీగ వేడికి విడిపోతుంది, చల్లారగానే మళ్ళీ అతుక్కుంటుంది. పదిహేడేళ్ళ బండికి అది ఎలాగూ మార్చాల్సిందే. పరీక్షలంటూ తిరిగే ఖర్చు కంటే సెన్సర్ ఖర్చే తక్కువ.

ఒంగోలు ఎలక్ట్రీషియన్:
ఇద్దరూ చెప్పినవి నిజంగా జరిగేవే, నేనూ చూశాను. కానీ ఈ బండిలో జరుగుతున్నది అదేనని ఇద్దరిలో ఎవరికీ తెలియదు, తెలుసుకునే ప్రయత్నం కూడా ఎవరూ చేయలేదు. అప్పుడప్పుడు ఆగే బండి షెడ్డుకి వచ్చేసరికి బాగానే ఉంటుంది. బాగా నడుస్తున్న బండిలో తప్పు ఎక్కడని వెతుకుతాం? అందుకే ఒక్కోటీ మార్చుకుంటూ పోతారు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. ఏదో ఒకటి మార్చాక వారం నడిచిందా, బాగైపోయిందనుకుంటారు. ఈ బండి ఏమీ మార్చకపోయినా వారాలు నడుస్తోందని ఉప్పల్ వాసి గారే రాశారు కదా.

ఉప్పల్ గారూ, అసలు విషయం ఆగిన ఆ ఒక్క నిమిషంలోనే ఉంటుంది. మళ్ళీ ఆగినప్పుడు హజార్డ్ లైట్లు వేసి ఎడమకి తీయండి. తాళం మాత్రం లాక్ దాకా తిప్పొద్దు, తిప్పితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఇంజన్ ఆగాక బ్రేక్ ఒకటి రెండు సార్లు మామూలుగా పడుతుంది, తర్వాత రాయిలా అవుతుంది, అందుకని ఊరికే తొక్కి వదలకుండా ఒకే పట్టు పట్టి ఆపండి. పిల్లల్ని దించి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. నేషనల్ హైవే మీదైతే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయొచ్చు. అప్పుడు చూడాల్సినవి ఇవి.

తాళం కట్టేసినట్టు టక్కున ఆగిందా, లేక జెర్కులిచ్చి, పికప్ పోయి, మెల్లగా చచ్చిందా? టక్కున ఆగితే ఎక్కువసార్లు కరెంటు తప్పు, తడబడి ఆగితే ఎక్కువసార్లు పెట్రోల్ అందకపోవడం. బండి ఇంకా గేర్లోనే దొర్లుతుండగా ఆర్‌పీఎం ముల్లు చూడండి. చక్రాలు ఇంజన్‌ని తిప్పుతూనే ఉంటాయి కాబట్టి ముల్లు ఎంతో కొంత చూపించాలి. అది సున్నాకి పడిపోతే క్రాంక్ సిగ్నల్ అయినా పోయుండాలి, మొత్తం సప్లై అయినా పోయుండాలి. ఆ తర్వాత తాళం ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. వెనక సీటు కింద నుంచి పంపు రెండు సెకన్లు గుర్రుమనాలి. మీటర్‌లో చెక్ ఇంజన్ లైటు వెలగాలి. ఆ లైటు వెలిగిందా లేదా అన్నదొక్కటి చెప్పండి చాలు. ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది.

తణుకు డ్రైవర్:
టక్కున ఆగినా పెట్రోల్ కారణం కాకూడదని ఎక్కడుంది? ట్యాంకులోని పంపు వేడెక్కి ఆగితే? పంపుని చల్లబరిచేది పెట్రోలే కదా, చాలామంది రిజర్వ్‌లోనే తిప్పుతుంటారు. దానికి తోడు ఇథనాల్ వల్ల కనెక్టర్ పిన్నులు తుప్పు పడితే?

ఒంగోలు ఎలక్ట్రీషియన్:
అవకాశం ఉంది, కాదనను. కానీ పంపు ఆగినా లైన్లో ప్రెషర్ కొద్ది క్షణాలు మిగులుతుంది కాబట్టి ఇంజన్ ఒకసారి తడబడే ఆగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పంపు చచ్చినా తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. క్రాంక్ సెన్సర్ పోయినా వెలుగుతుంది. ఆ లైటు వెలిగించేది ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, దానికి కరెంటు అందితే తాళం ఆన్ చేయగానే వెలిగిస్తుంది. అందుకే ముందు దాని గురించి అడిగాను.

మరోమాట, ఈ20తో గాలి పెట్రోల్ పాళ్ళు మారతాయి, నిజమే. బరువులో ఒక పాలు మామూలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఈ20కి పదమూడున్నర దగ్గర సరిపోతుంది. అంటే ఇంజెక్టర్లు ఎనిమిది, తొమ్మిది శాతం ఎక్కువ చల్లాలి. పొగ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే ఈసీయూ ఆ మేరకు సర్దుకోగలదు. మైలేజ్ తగ్గుతుంది, పొద్దున స్టార్టింగ్ ఇబ్బంది పెట్టొచ్చు, పైపులు మెత్తబడితే లీకులు రావచ్చు. ఇవన్నీ మెల్లగా ముదిరే జబ్బులు. ఎనభైలో పోతూ స్విచ్ నొక్కినట్టు ఆగి, కాసేపటికి పూర్తిగా మామూలైపోవడం పెట్రోల్ లక్షణం కాదు.

కూకట్‌పల్లి కార్లు:
సరే అన్నా, మరి కోడ్ ఎందుకు లేదు? వైరింగ్ తప్పైతే స్కానర్‌లో ఏదో ఒకటి పడాలి కదా.

ఒంగోలు ఎలక్ట్రీషియన్:
కోడ్ రాయాల్సిన ఈసీయూకే కరెంటు పోతే కోడ్ ఎవరు రాస్తారు తమ్ముడూ? పైగా మన దేశంలో ఓబీడీ2 (స్కానర్‌తో తప్పులు చదివే ఉమ్మడి పద్ధతి) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. 2008 బండికి ఆన్‌లైన్‌లో దొరికే చిన్న స్కానర్ పెట్టి కోడ్ లేదంటే, తప్పు లేదని కాదు, చాలాసార్లు అది ఆ బండితో మాట్లాడనే లేదని అర్థం.

సెన్సర్ మీద అనుమానం ఉంటే దాన్నీ పరీక్షించి మార్చండి. రెండు వైర్ల కాయిల్ రకమైతే ఆగిన వెంటనే, వేడిమీద, మల్టీమీటర్ పెడితే తీగ తెగిందో లేదో తెలిసిపోతుంది. చల్లారాక పెడితే బాగానే చూపిస్తుంది, అక్కడే చాలామంది మోసపోతారు. మూడు వైర్ల హాల్ రకమైతే (లోపల కాయిల్ బదులు చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు ఉంటుంది) రెసిస్టెన్స్ చూసి లాభం లేదు, సిగ్నల్ చూడాలి. నాసిరకం సెన్సర్ కొని పెడితే ఉన్న తప్పుకి కొత్త తప్పు తోడవుతుంది.

హనుమకొండ నుంచి:
పెద్దగా తెలియకుండానే చెప్తున్నాను, ఇంత గొడవెందుకు, రిజిస్ట్రేషన్ కూడా పదిహేనేళ్ళు దాటింది, అమ్మేసి ఇంకోటి తీసుకోవచ్చు కదా?

ఉప్పల్ వాసి:
అమ్మడం పెద్ద పని కాదండీ. హైవే మీద ఆగిపోయే బండి అని తెలిసి ఇంకో కుటుంబానికి అంటగట్టడం నాకు ఇష్టం లేదు. ఐదేళ్ళకి రెన్యువల్ కూడా చేయించాను.

అసలు సంగతి వినండి. నిన్న ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ దిగుతుంటే మళ్ళీ ఆగింది. టక్కున, ఏ జెర్కూ లేదు. గేర్లో ఉండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడింది. పక్కకి తీసి తాళం ఆన్ చేసి వీడియో తీశాను. ఆయిల్ లైటు ఉంది, బ్యాటరీ లైటు ఉంది, చెక్ ఇంజన్ లైటు లేదు. పంపు చప్పుడు కూడా లేదు. సెల్ఫ్ మాత్రం గట్టిగా తిరుగుతోంది. చల్లారాక మళ్ళీ తీసిన వీడియోలో లైటు వెలిగింది, పంపు వినిపించింది, బండి స్టార్ట్ అయింది.

ఒంగోలు ఎలక్ట్రీషియన్:
దొరికింది. అంటే తప్పు పెట్రోల్‌లోనూ కాదు, క్రాంక్ సెన్సర్‌లోనూ కాదు. ఈసీయూకి వెళ్ళే సప్లై తెగుతోంది. మీటర్‌లో మిగతా లైట్లు ఉన్నాయి కాబట్టి తాళం స్విచ్ మొత్తం పోలేదు. ఇక మిగిలినవి మెయిన్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), దాని ఫ్యూజు, ఎర్త్ పాయింట్, ఆ దారిలో ఎవరైనా కోసి అతికిన వైరు. ఒకటి అడుగుతాను, పాత ఓనర్ బయట షాపులో రిమోట్ సెక్యూరిటీ అలారం గానీ, ఎల్పీజీ కిట్ గానీ పెట్టించాడా? అలారం అయితే ఇంజన్‌ని ఆపడానికి, ఎల్పీజీ కిట్ అయితే పెట్రోల్ ఆపడానికి వైరు మధ్యలో కోసి రిలే పెడతారు.

ఉప్పల్ వాసి:
రిమోట్ లాక్ ఉంది! కొన్నప్పటి నుంచీ ఉంది, కంపెనీదే అనుకున్నాను.

ఒంగోలు ఎలక్ట్రీషియన్:
స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ తీయించి చూడండి. తాళం దగ్గర నుంచి దిగే వైర్ల కట్టలో నల్ల టేపు చుట్టిన జాయింటు కనిపిస్తుంది.

ఉప్పల్ వాసి:
కవర్ విప్పాం. మీరు చెప్పినట్టే ఉంది. ఇగ్నిషన్ నుంచి వచ్చే ఒక లావు వైరు కోసి, రెండు కొసలూ ఒక చిన్న రిలేకి మెలితిప్పి టేపు చుట్టారు. టేపు జిగురు కారి వేళ్ళకి అంటుకుంటోంది. రిలే సాకెట్ తెల్ల ప్లాస్టిక్, ఒక పిన్ను చుట్టూ మాత్రం కాఫీ రంగులోకి మాడి కొంచెం ఉబ్బింది. ఆ పిన్నుని వేలితో కదిలిస్తే చెక్ ఇంజన్ లైటు ఆరుతోంది, వెలుగుతోంది. వీధి చివర ఎలక్ట్రీషియన్ ఆ రిలే తీసేసి, వైరు సోల్డరింగ్ చేసి, పైన హీట్ ష్రింక్ తొడిగి వేడి చేసి బిగించాడు. రిమోట్ లాక్ పనిచేస్తోంది, ఇంజన్ కట్ మాత్రం ఉండదు.

కూకట్‌పల్లి కార్లు:
ఒప్పుకోవాలి, లైటు లాజిక్ బాగుంది. కానీ లక్షణాలన్నీ క్రాంక్ సెన్సర్‌లానే ఉన్నాయి అన్నా, వేడికి ఆగి చల్లారాక రావడం కూడా.

ఒంగోలు ఎలక్ట్రీషియన్:
వేడికి విడిపోయేది ఒక్క సెన్సరే కాదు తమ్ముడూ. వదులు పిన్నులో కరెంటు పోతుంటే వేడి పుడుతుంది, ఆ వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. రిలే లోపలి సోల్డర్ పగిలినా, తాళం స్విచ్ లోపలి రాగి అరిగినా ఇదే వరస. కొందరు తాళానికి ఇంటి తాళాలన్నీ గుత్తిగా వేలాడదీస్తారు, ఆ బరువుకి గుంతలో పడ్డప్పుడల్లా స్విచ్ ఊగుతుంది. అదీ చూశాను.

సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే ఆగే బండి వేరే కథ. దానికి థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారి) మసి, ఐడ్లింగ్ వాల్వు, గాలి లీకయ్యే పైపు చూడాలి. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే ఆగితే ఫిల్టరూ, పంపు ప్రెషరూ.

తణుకు డ్రైవర్:
ఈ బండి వరకు సరే. కానీ ఈ20తో పాత బండ్లకి ఏమీ కాదన్న అర్థం వస్తే నేను ఒప్పుకోను. మా నాన్నగారి కార్బురేటర్ కారు ఈ ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగిపోయి చల్లారితే గానీ కదల్లేదు. దానికి ఏ ఈసీయూ ఉంది, ఏ అలారం ఉంది?

ఒంగోలు ఎలక్ట్రీషియన్:
అక్కడ మీ మాటే నా మాట. కార్బురేటర్‌లో జెట్ (పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రం) సైజు మారదు, ఆక్సిజన్ సెన్సర్ ఉండదు, ఎవరూ సర్దరు. పంపు ఇంజన్ మీదే ఉండి పెట్రోల్‌ని ట్యాంకు నుంచి పీలుస్తుంది. వేడికి ఆ పైపులో పెట్రోల్ ఆవిరైతే పంపు ఆవిరినే పీలుస్తుంది, బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) ఖాళీ అవుతుంది. ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకులో ఉండి ప్రెషర్‌తో తోస్తుంది కాబట్టి ఈ బాధ చాలా తక్కువ.

ఈసారి ఆగినప్పుడు పంపు మీదా, దానికి వచ్చే పైపు మీదా తడిగుడ్డ వేసి, నీళ్ళు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) మీద పడకుండా చూసి, సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు నిమిషాల్లోనే అందుకుంటే ఆవిరే. ఎగ్జాస్ట్‌కి దగ్గరగా పోయే పైపుని దూరం జరిపి కట్టండి. రబ్బరు పైపులు నొక్కి చూసి మెత్తగా జిగటగా ఉంటే వెంటనే మార్చేయండి, వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారడం మాటలు కాదు. బౌల్ విప్పినప్పుడు అందులోది ఒక గాజు సీసాలో పోసి కాసేపు కదల్చకుండా ఉంచండి. అడుగున వేరే పొరగా నీళ్ళలాంటిది కనిపిస్తే ట్యాంకు దించి కడిగించాల్సిందే, కార్బురేటర్ ఎన్నిసార్లు ట్యూన్ చేసినా నిలవదు.