హోంగ్‌చున్ గుర్రపుతల గోడ మెట్ల కొలతలు కుదరట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

చైనాలో అన్‌హుయ్ రాష్ట్రంలోని హోంగ్‌చున్ (2000లో యునెస్కో జాబితాకెక్కిన ఊరు) ఇంటి నమూనా 1:50లో చేస్తున్నాను. నడిమి ఆకాశబావి (ఇంటి మధ్య పైకప్పు లేని చిన్న ఖాళీ), లోపలికి వాలే కప్పులు బాగానే కుదిరాయి. చిక్కంతా పక్కింటి మంట ఇటు పాకకుండా కప్పు మీదికి లేపే మెట్ల గోడతోనే, గుర్రపుతల గోడ అంటే ఇదే.

అసలు కొలతల్లో నడికొప్పు నుంచి చూరుకి అడ్డంగా 4.2 మీటర్లు, దిగుడు 2.1. వాలు పైన నిటారు, కింద చదును: 1.4 మీటర్లకొక మెట్టు చొప్పున దిగుడు 0.9, 0.7, 0.5. కొప్పు దగ్గర గోడ పెంకుల కన్నా 40 సెం.మీ. ఎత్తు.

ప్రతి మెట్టూ 0.9 దించితే చూరువైపు మెట్టు మొదట్లో 20 సెం.మీ.లే మిగిలాయి. నిప్పుకి అది చాలదు. సగటున 0.7 దించితే కింది రెండు మెట్ల దగ్గర 60కి పెరిగి గోడ బరువుగా కనిపిస్తోంది. 0.9, 0.7గా దించితే అంతటా 40 వచ్చింది గానీ, ఫొటోల్లో మెట్లన్నీ ఒకే ఎత్తున దిగుతున్నట్టుంటాయి. మెట్టు మీది చిన్న పెంకుల వరస, చివర పైకి లేచే కొమ్ము ఇంకా పెట్టలేదు.

హుయ్‌జౌ (ఆ ప్రాంతం పాత పేరు) మేస్త్రీలు మెట్ల ఎత్తు సమానంగా ఉంచి పొడవు మారుస్తారా, లేక ఎత్తే మారుస్తారా?