ఫ్రీ మోషన్ క్విల్టింగ్‌లో పై దారం మాటిమాటికీ తెగుతోంది, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: బొంతకుట్టు

ఇంట్లో వాడే ఎలక్ట్రిక్ మిషన్. బాబిన్ పైనుంచి వేసే రకం. మామూలు సూటి కుట్టు ఎంతసేపు వేసినా దారం తెగదు. గుడ్డను జరిపే పళ్ళు దించి, డార్నింగ్ ఫుట్ పెట్టి, బొంతను చేత్తోనే జరుపుతూ కుట్టే ఫ్రీ మోషన్ మొదలుపెడితే మాత్రం రెండు మూడు నిమిషాలకోసారి పై దారం తెగుతోంది. బాబిన్ దారం ఒక్కసారి కూడా తెగలేదు.

పైన 40 నంబరు పాలిస్టర్ దారం, బాబిన్‌లో 50 నంబరు నూలు దారం, 75/11 క్విల్టింగ్ సూది, పై టెన్షన్ (పై దారం బిగువు) 4. పైనా కిందా నూలు గుడ్డ, మధ్యలో పల్చటి నూలు బ్యాటింగ్ (బొంత లోపలి దూది పొర). ఎక్కువగా తెగేది చిన్న చిన్న గుండ్రాల దగ్గర, ఇంకా బొంతను నా వైపు లాక్కునేటప్పుడు. టెన్షన్ 5కి పెంచితే ఇంకా త్వరగా తెగింది. 3కి తగ్గిస్తే కాస్త నయం, కానీ ఆగలేదు. సూది మార్చాలా, దారం మార్చాలా, లేక మెకానిక్‌కు చూపించాలా?

జవాబు: సూదిమొన

మెకానిక్ సంగతి చివర్లో చూద్దామండి. ముందు ఈసారి దారం తెగినప్పుడు ఆ తెగిన కొసను పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి. కారణం చాలావరకు అక్కడే కనిపిస్తుంది.

కొసన రెండు మూడు అంగుళాల మేర పీచు లేచి, పోగులు విడిపోయి ఉంటే దారం ఒరిపిడికి అరిగి తెగినట్టు. సూది బెజ్జం, సూది ప్లేటు రంధ్రం, అడుగున దారాన్ని అందుకునే హుక్, వీటిలో ఎక్కడో రాపిడి ఉంది. పీచు లేకుండా బ్లేడుతో కోసినట్టు ఉంటే ఏదో గరుకు అంచు కోస్తోంది. కొస స్ప్రింగులా ముడుచుకుని ఉంటే దారం బిగుసుకుని లాగుడుకు తెగింది. అప్పుడు టెన్షన్, కండె, దారం వచ్చే దారి చూడాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకం అనిపిస్తోంది.

సూటి కుట్టులో తెగని దారం ఇక్కడెందుకు తెగుతుందంటే, కండె నుంచి వచ్చిన దారం నేరుగా వెళ్ళి గుడ్డలో కూర్చోదు. ప్రతి కుట్టుకూ హుక్ దారాన్ని బాబిన్ చుట్టూ తిప్పడానికి కొన్ని సెంటీమీటర్ల లూపు కిందికి లాగుతుంది, టేకప్ లీవర్ దాన్ని మళ్ళీ పైకి గుంజుతుంది. అందులో కుట్టుగా నిలిచేది కొన్ని మిల్లీమీటర్లే. అంటే దారంలోని ప్రతి చిన్న ముక్కా కుట్టులో స్థిరపడేలోపు సూది బెజ్జంలోంచి ఎన్నోసార్లు అటూ ఇటూ రాసుకుంటూ పోతుంది. కుట్టు ఎంత చిన్నదైతే ఈ రాపిడి అంత పెరుగుతుంది. గుండ్రాల దగ్గర మీ చేయి నెమ్మదిస్తుంది, కాలు మాత్రం పెడల్ మీద అలాగే ఉంటుంది. కుట్లు అర మిల్లీమీటరుకు దిగిపోతాయి, దారం అక్కడే నలిగి చీలుతుంది.

దీనికి మొదటి మందు సూదే. 75/11 బెజ్జం 40 నంబరు దారానికి ఇరుకు. 90/14 టాప్‌స్టిచ్ సూది వేయండి. అదే మందం ఉన్న మామూలు సూది కంటే దాని బెజ్జం పెద్దది, ముందువైపు గాడి లోతుగా ఉంటుంది. సూది గుడ్డలోకి దిగేటప్పుడు దారం ఆ గాడిలో దాక్కుంటుంది కాబట్టి గుడ్డకూ సూదికీ మధ్య నలగదు. చదును వైపు వెనక్కి ఉంచి, పైదాకా ఆనేలా నెట్టి స్క్రూ బిగించండి. ఒక్క మిల్లీమీటరు కిందికి దిగి ఉన్నా హుక్‌తో లెక్క తప్పుతుంది. సుమారు ఎనిమిది గంటలు కుట్టాక సూది బాగున్నట్టే కనిపించినా మార్చేయండి.

తర్వాత టెన్షన్. 5కి పెంచితే త్వరగా తెగిందన్నారుగా, అది మంచి ఆనవాలు. 2.5 దగ్గర మొదలుపెట్టి, అదే బ్యాటింగ్‌తో జానెడు నమూనా ముక్క తయారుచేసి గుండ్రాలు కుట్టి చూడండి. బొంత అడుగున పై దారం చుక్కలుగా కనిపిస్తే పావు అంకె పెంచండి, పైన బాబిన్ దారం కనిపిస్తే పావు తగ్గించండి. కింద చుక్కలు పోవడం లేదని 5, 6 దాకా పోకండి. ఆ చుక్కలు మలుపుల్లోనే వస్తుంటే తప్పు టెన్షన్‌ది కాదు, అక్కడ చేయి ఒక్కసారిగా ఊపందుకుంటోంది.

ఇక చేయీ కాలూ కలవడం. అంగుళానికి 10 కుట్లు, అంటే కుట్టు సుమారు 2.5 మి.మీ. ఉండాలనుకుందాం. మిషన్ నిమిషానికి 800 కుట్లు వేస్తుంటే చేయి సెకనుకు 33 మి.మీ. జరగాలి. మలుపులో చేయి 10 మి.మీ.కి పడిపోతే కుట్టు 0.75 మి.మీ. అవుతుంది. కాబట్టి గరిష్ఠ వేగం సగానికి కట్టేసే మీట మీ మిషన్‌కు ఉంటే వాడండి. లేకపోతే మలుపు రాకముందే పెడల్ కొంచెం వదలండి. మలుపు మధ్యలో చేయి ఆపాల్సి వస్తే ముందు కాలు ఆగాలి, తర్వాత చేయి.

అన్నీ ఒకేసారి మార్చకండి. సూది మార్చి ఐదు నిమిషాలు, తర్వాత టెన్షన్ మార్చి ఐదు నిమిషాలు. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

జవాబు: నూలుకండె

సూదిమొన గారు చెప్పినదానికి తోడు దారం వచ్చే దారి కూడా చూడండి. చాలామంది సూది దాకా చూస్తారు, కండె వైపు చూడరు.

కండె మీద దారం అడ్డంగా ఒకదానిమీదొకటి దాటుతూ కత్తెర గుర్తుల్లా చుట్టి ఉంటే అది కొస మీదుగా ఊడిరావాలి. పడుకోబెట్టే పిన్ను మీద పెట్టండి, లేదా విడి స్టాండ్ మీద నిలబెట్టి పైనుంచి లాగండి. గాజులు పేర్చినట్టు సమాంతరంగా చుట్టిన కండె అయితే నిలువు పిన్ను మీద పెట్టాలి. అప్పుడు కండె తిరుగుతుంది, దారం పక్కనుంచి వస్తుంది. ఇలాంటి కండెను పడుకోబెట్టి కొస మీదుగా లాగితే ప్రతి చుట్టుకూ ఒక అదనపు మెలి పడుతుంది. ఆ మెలికలు దారాన్ని బిగించి పట్టే టెన్షన్ డిస్కుల దగ్గరో సూది బెజ్జం దగ్గరో పోగై దారాన్ని తెంపేస్తాయి.

పడుకోబెట్టిన కండెకు పెట్టే మూత కండె అంచు కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. చిన్న మూత పెడితే కండె అంచున దారం ఇరికించే గంటు ఉంటుంది చూడండి, దారం అందులో తట్టుకుంటుంది. ఆ గంటును మూత లేని వైపుకు తిప్పి పెట్టండి. పాలిస్టర్ దారం జారుడు కాబట్టి కండె నుంచి వదులుగా జారి పిన్ను అడుగున చుట్టుకుంటుంది. దానికి కండె మీద సన్నటి వల తొడుగు వేస్తే సరి.

దారం ఎక్కించేటప్పుడు ఫుట్ పైకి లేచి ఉండాలి. అప్పుడే టెన్షన్ డిస్కులు తెరుచుకుని దారం వాటి మధ్యకు దిగుతుంది. ఎక్కించాక సూది దగ్గర దారం లాగి చూడండి: ఫుట్ పైన ఉంటే తేలిగ్గా రావాలి, ఫుట్ దించితే సూది వంగేంత గట్టిగా పట్టుకోవాలి. రెండింటికీ తేడా లేకపోతే దారం డిస్కుల మధ్యలో లేనట్టే. ఫ్రీ మోషన్‌లో ఇంకో పొరపాటు జరుగుతుంది. డార్నింగ్ ఫుట్ గుడ్డను నొక్కదు కాబట్టి అది దిగిందో లేదో చేతికి తెలియదు. దించకుండానే మొదలుపెడితే టెన్షనే ఉండదు, అడుగున దారం పిచ్చుకగూడులా పేరుకుని, ఇరుక్కుని తెగుతుంది.

దారం తీసేటప్పుడు కండె దగ్గర కత్తిరించి సూది వైపు నుంచి లాగేయండి. కండె వైపు వెనక్కి లాగితే పీచు, ముడులు డిస్కుల్లో ఉండిపోతాయి.

ప్రశ్నకు కొనసాగింపు: బొంతకుట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. తెగిన కొస పీచుగానే ఉంది, దాదాపు రెండు అంగుళాలు. 90/14 టాప్‌స్టిచ్ సూది, టెన్షన్ 2.75 పెట్టాను. గుండ్రాల దగ్గర తెగడం పూర్తిగా ఆగిపోయింది. కండె కత్తెర గుర్తుల రకమే, పడుకోబెట్టే ఉంది.

కానీ బొంతను నా వైపు లాగేటప్పుడు ఇంకా తెగుతోంది, అక్కడక్కడా కుట్టు కూడా తప్పుతోంది. పైగా ఈ సూదికి రంధ్రాలు కొంచెం పెద్దవిగా కనిపిస్తున్నాయి. బాబిన్ కేస్ ప్లాస్టిక్‌ది, దాని అంచున చిన్న గీతలు కనిపించాయి. అవి కారణమై ఉంటాయా?

జవాబు: పాతమిషన్

ఆ గీతలు కారణమై ఉండవచ్చు, కానీ ఒకే వైపు తెగుతోందంటే ముందు సూది వంగడం గురించి ఆలోచించాలి.

సూది చదును వెనక్కి ఉండే మీలాంటి మిషన్లలో హుక్ కొన సూది వెనకనుంచి వస్తుంది. సూది అట్టడుగుకు దిగి, మళ్ళీ సుమారు 2 మి.మీ. పైకి లేచినప్పుడు వెనక చిన్న లూపు ఏర్పడుతుంది, హుక్ దాన్ని అందుకుంటుంది. సూది గుడ్డలో ఉండగానే మీరు బొంతను మీ వైపు లాగితే సూది కూడా ముందుకు వంగి హుక్‌కు దూరమవుతుంది. హుక్‌కు లూపు అందకపోతే కుట్టు తప్పుతుంది. సగం అందితే దారం పోగుల మధ్యలో గుచ్చుకుని చీలుస్తుంది. మీకు రెండూ జరుగుతున్నాయి. ఇదే బొంతను అవతలికి బలంగా తోస్తే సూది హుక్‌కు రాసుకుంటుంది, అప్పుడు సూది విరుగుతుంది లేదా హుక్ కొనకు గంటు పడుతుంది.

మీ వైపు లాగేటప్పుడు బరువు ఎక్కడుందో చూడండి. బొంత బల్ల వెనకనుంచో ఎడమవైపునుంచో కిందికి వేలాడుతుంటే ఆ బరువంతా సూది మోస్తుంది. మీరు లాగుతున్నారు, బొంత వెనక్కి గుంజుతోంది, ఒక్కసారిగా వదులై మీదికి వస్తోంది. మిషన్‌కు ఎడమపక్కన, వెనకాల బల్ల ఎత్తుకు సమానంగా ఇంకో బల్ల వేసి, బొంతనంతా పైన పోగు చేయండి. సూది చుట్టూ ఒక పళ్ళెమంత చోటు ఏ లాగుడూ లేకుండా వదులుగా ఉంటే చాలు. అరచేతుల్లో రబ్బరు చుక్కలున్న గ్లవ్స్ వేసుకుంటే గుడ్డను గట్టిగా నొక్కి లాగాల్సిన పని ఉండదు. డార్నింగ్ ఫుట్ ఎత్తు కూడా చూడండి. సూది కిందికి దిగినప్పుడు ఫుట్ బొంతను తాకీ తాకనట్టు ఉండాలి. మరీ ఎత్తులో ఉంటే సూదితోపాటు గుడ్డ కూడా పైకి లేచి, లూపు సరిగా ఏర్పడదు, కుట్టు తప్పుతుంది.

ఇక గరుకు అంచుల సంగతి. మిషన్ ప్లగ్ తీసేసి, సూది ప్లేటు, బాబిన్ కేస్ బయటికి తీయండి. పాత నైలాన్ మేజోడు ముక్కను ప్లేటు రంధ్రం చుట్టూ, హుక్ కొన మీద, కేస్ అంచు మీద మెల్లగా రాయండి. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడే గరుకు. వేలితో చూస్తే తెలియని గంటు కూడా మేజోడుకు దొరుకుతుంది. ప్లేటు లోహం కాబట్టి చాలా సన్నటి ఎమరీ కాగితాన్ని సన్నగా చుట్టి రంధ్రంలోంచి రెండు మూడుసార్లు లాగి నునుపు చేయవచ్చు. రంధ్రం పెద్దది చేయకూడదు. ప్లాస్టిక్ కేస్‌లో గీత మేజోడును పట్టుకుంటే రుద్దకండి, కొత్తది వేయండి. రుద్దితే ఆకారం మారి, కేస్ ఆగాల్సిన చోట ఆగదు. హుక్ కొన గంటు పడితే మాత్రం అది మెకానిక్ పని, ఇంట్లో చేయకండి.

అదే పనిలో బ్రష్‌తో కేస్ కింద పీచు తీసేయండి. నూలు బ్యాటింగ్‌తో కుట్టేటప్పుడు రెండు బాబిన్లకోసారి తీయాల్సిందే. నోటితో ఊదితే పీచు ఇంకా లోపలికి పోతుంది, తేమ కూడా చేరుతుంది. హుక్‌కు నూనె వేయమని మిషన్ పుస్తకంలో ఉంటేనే ఒక్క చుక్క వేయండి.

జవాబు: సూదిమొన

రంధ్రాల గురించి: నూలు గుడ్డకు అవి నిలిచిపోవు. కుట్టడం అయ్యాక నీళ్ళు చిలకరిస్తే చాలావరకు పూడుకుంటాయి, ఉతికాక కనిపించవు. బాతిక్‌లా బాగా దగ్గర నేత ఉన్న గుడ్డకైతే 80/12 టాప్‌స్టిచ్ వేసి, దారాన్ని 50 నంబరుకు మార్చుకోండి. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. అడుగు గుడ్డగా దగ్గర నేత దుప్పటి వాడితే కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. సూది దూరడానికే కష్టపడుతుంది, దారం ప్రతి పోగునూ రాసుకుంటూ పోతుంది.

పొరలు అతికించడానికి స్ప్రే జిగురు వాడారా? వాడితే సూదిని గోటితో గీసి చూడండి. జిగురు అంటితే దారం బెజ్జంలో జారదు. స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచేస్తే పోతుంది.

జవాబు: నూలుకండె

ఇంకో మాట. ముందుముందు చేతిబొంతల కోసం అమ్మే మెరుపు పూత దారం మిషన్‌లో వేయకండి. ఆ పూత డిస్కుల్లో పేరుకుని తర్వాత వేసే ప్రతి దారాన్నీ పాడుచేస్తుంది. చాలాకాలంగా ఎండలో ఉన్న నూలు దారం కూడా వద్దు. ఒక మూర తీసి రెండు చేతులతో గుంజి చూడండి, సాగకుండా పుటుక్కున తెగితే దాన్ని చేతికుట్టుకు టాకాలు వేయడానికి ఉంచుకోండి.

కొనసాగింపు: బొంతకుట్టు

ఎడమపక్కన బల్ల వేసి బొంతను పైన పోగు చేశాను, కుట్టు తప్పడం ఆగింది. మేజోడు ముక్క ప్లేటు దగ్గర ఎక్కడా పట్టుకోలేదు, బాబిన్ కేస్ ఎడమ అంచున ఒకచోట మాత్రం పట్టుకుంది. స్ప్రే జిగురు వాడలేదు. కొత్త కేస్ వచ్చేదాకా 50 నంబరు దారంతో, సగం వేగంలో కుట్టవచ్చా?

జవాబు: పాతమిషన్

కుట్టవచ్చు, కానీ నమూనా ముక్క మీదే. మంచి బొంత మీద వద్దండి, మధ్యలో తెగితే కుట్టు విప్పి మళ్ళీ కలిపే చోటు కనిపిస్తుంది. కొత్త కేస్ కొనేటప్పుడు మీ మిషన్ మోడల్ నంబరుతో అడగండి. చూడటానికి ఒకేలా ఉన్నా కొలతలు వేరుగా ఉంటాయి. బాబిన్లు కూడా అదే మోడల్‌వే వాడండి, ప్లాస్టిక్ బాబిన్ కోసం చేసిన కేస్‌లో లోహపు బాబిన్ వేయకండి. కేస్ మార్చాక బాబిన్ దారం బిగువు పాత కేస్‌లాగే ఉండకపోవచ్చు, కాబట్టి పై టెన్షన్‌ను మళ్ళీ 2.5 నుంచి మొదలుపెట్టి చూసుకోండి.