నాచు, పాశి, పాకురు: చేపల తొట్లె పట్టేదానికి ఏ మాట?

నల్లగొండ నుంచి ప్రశ్న:
కొత్తగా మొక్కలు నాటిన చేపల తొట్టి కొనేటోళ్లకు ఇచ్చే సూచనల కాగితం తెలుగుల రాస్తున్న. ఆల్గే అన్నచోటల్లా ‘నాచు’ అని పెట్టిన. చదివినోళ్లు కొందరు ‘పాశి’ అనాలె అంటున్నరు, కొందరు ‘పాకురు’ అంటున్నరు. మూడూ ఒకటేనా? బడి పుస్తకం మాట ‘శైవలాలు’ పెడదామంటే ఎవరు చదువుతరు?

మహబూబ్‌నగర్:
ఒకటి కాదన్నా. తేడా చేతికే తెలుస్తది. నాచు పీచులెక్క ఉంటది, పట్టి గుంజితే వస్తది. పాకురు చేతికి రాదు, కాలికి తెలుస్తది. మీ నల్లగొండ ఉదయ సముద్రం చెరువు రాళ్ల మీద సర్రున జారేది అదే. పాశి పొరలెక్క పరుచుకుంటది, పాల మీద మీగడ లేసినట్టు లేస్తది. ‘పాచి’ పాతమాటే. తమిళంల పాసి, కన్నడంల పాచి, రెండిట్లనూ ఇదే అర్థం. పచ్చ, పసరు, పసిమి చుట్టమే. మన నోట్ల చ కాస్తా శ అయింది. పాశిమొఖం, పాశిపని, పాశిపోయిన బువ్వ... అన్నిట్ల రాత్రంత కదలకుండ ఉన్నదన్న భావం ఉన్నది. తొట్లె కూడా నీళ్లు కదలని మూలకే ముందు పాశి పడుతది.

మిర్యాలగూడ:
అక్క చెప్పిన తేడాతోనే మందు కూడా మారుతది. అందుకే అన్నిటికీ నాచు అని రాస్తే కాగితం పనికిరాదు.

పాకురుతో మొదలువెట్టు. మొక్కలు నాటిన రెండు మూడు వారాలల్ల అద్దం మీద, ఆకుల మీద గోధుమరంగు పొడి పడుతది. అవి డయాటమ్‌లు, అంటే కంటికి విడిగా కనిపించనంత చిన్న శైవలాలు. వేలుతో రాస్తే పోతది. తొట్టి కుదురుకున్నంక దానంతట అదే తగ్గుతది, మందు పోయొద్దు. స్పంజితో తుడిచి, అదే రోజు సగం నీళ్లు మార్చాలె.

నాచు అట్ల గాదు. వెలుతురు ఎక్కువై, మొక్కలు ఇంకా వేరు పట్టక ఎరువు తినకపోతే దారాలు సాగుతయి. పాత పళ్లబ్రష్షు పెట్టి నూడుల్స్ చుట్టినట్టు చుట్టి తియ్యాలె. తెంపి నీళ్లల్ల వదిలితే ముక్క ముక్కా మళ్లీ పెరుగుతది. తీసినంక లైటు రోజుకు 6 గంటలకు దించాలె, అది కూడా టైమర్ పెట్టి. ఆరో వారం దాక 8 గంటలు దాటొద్దు. కిటికీ ఎండ తగిలే జాగల తొట్టి పెడితే ఈ లెక్కలన్నీ దండగ.

నీళ్ల లెక్క గూడ రాయి. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్లె మట్టి, రాళ్లు పోను సుమారు 45 లీటర్లు పడుతయి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 22 లీటర్లు మార్చాలె. కొత్త ఎరువుమట్టి అమోనియా వదులుతది, నాచుకు అదే దాణా. నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, సోడియం థయోసల్ఫేట్‌తో విరిచినంకనే పోయాలె. ఇంకొకటి, మొదటిరోజే మొక్కలు ఒత్తుగ నాటాలె. నాలుగు కాడలు నాటి పెరుగుతయని కూసుంటే ముందు పెరిగేది నాచే.

దేవరకొండ:
నీళ్లే పచ్చగ అయితే? పటిక తిప్పితే తేటవడుతదంటరు కదా, మన నల్లగొండ పద్ధతిల లెక్క.

మిర్యాలగూడ:
వద్దు తమ్మీ. నల్లగొండ పద్ధతి తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసేందుకు, పటికతో పాటు సున్నం గూడ కలుపుతరు. చేపలున్న తొట్లె ఉత్త పటిక వేస్తే నీళ్ల క్షారత పడిపోతది, పులుపెక్కిన నీళ్లల్ల అల్యూమినియం చేపల మొప్పలను దెబ్బతీస్తది. పచ్చనీళ్లకు మూడు రోజులు లైటు ఆపి దుప్పటి కప్పాలె. గాలి పంపు మాత్రం ఆగొద్దు. చచ్చిన నాచు కుళ్లుతుంటే నీళ్లల్ల ఆక్సిజన్ తగ్గుతది. నాలుగోరోజు సగం నీళ్లు మార్చుడే.

జడ్చర్ల, వృక్షశాస్త్రం:
ఒక సవరణ. నీలిపచ్చగా, జిగటగా, వాసనతో చాపలా లేచే ఆ ‘పాశి’ అసలు శైవలమే కాదు. పాత పాఠ్యపుస్తకాలు నీలి ఆకుపచ్చ శైవలాలు అన్నాయి గానీ అది సయనోబాక్టీరియా. ‘మాది నాచు కాదు, పాశి’ అన్నవారిని తప్పుపట్టలేం. నత్తలు, రొయ్యలు దాన్ని పెద్దగా తినవు. సన్న పైపుతో పొరను పీల్చేసి, నీటి ప్రవాహం ఆ మూలకు తిప్పి, మూడు రోజులు చీకట్లో ఉంచండి. మీ కాగితంలో పాశిని నాచు కింద వేయకండి, విడిగా రాయండి.

మహబూబ్‌నగర్:
అద్దం మీద గట్టి పచ్చ చుక్కలకు మూడు మాటల్ల ఏదీ అతకదు. ‘చుక్కలు’ అనే రాయన్నా. బోరు నీళ్ల తెల్లగీతను గూడ కొందరు పాకురనుకొని రుద్దుతరు. అది సున్నం. నీళ్లు దించి వెనిగర్ గుడ్డతో తుడిస్తే పోతది.

మిర్యాలగూడ:
ఆ చుక్కలు లైటు ఎక్కువై, ఫాస్ఫేట్ తక్కువైతే వస్తయి. గాజు అయితే బ్లేడు, అక్రిలిక్ అయితే పాత ప్లాస్టిక్ కార్డు.

నల్లగొండ:
‘శుభ్రం చేయండి’ అని నాలుగుచోట్ల ఉంది, అది గూడ మార్చాలె గదా?

మహబూబ్‌నగర్:
మార్చాలె. నాచు చుట్టి తియ్యండి, పాకురు తుడవండి, పాశి పీల్చండి, చుక్కలు గీకండి. పాశికి ‘తోమండి’ అని మాత్రం రాయకు, తోమితే తొట్టంత పరుచుకుంటది.