బ్యాష్‌ఆర్‌సీలో నేరుగా రాయాలా, వేరే ఫైల్ పెట్టుకోవాలా?

బీటెక్ విద్యార్థి, తిరుపతి:
మొన్న రాత్రి ప్రాజెక్ట్ కోసం ఉబుంటు లినక్స్‌లో బ్యాష్‌ఆర్‌సీ (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే సెట్టింగ్స్ ఫైల్) తెరిచి పాత్ లైన్ (కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పేది) రాశాను. పాత విలువ కలపడం మర్చిపోయి కొత్త ఫోల్డర్ ఒక్కటే ఇచ్చాను. టెర్మినల్ మూసి తెరిస్తే ఫైళ్ళ జాబితా చూపే ఎల్‌ఎస్ లేదు, న్యానో ఎడిటర్ లేదు, దేనికైనా ‘కమాండ్ నాట్ ఫౌండ్’. పొద్దున్నే సబ్మిషన్. టెన్షన్‌లో ఉబుంటు మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. ఆ ఫైల్ ముట్టుకోకు, నీ లైన్లన్నీ వేరే ఫైల్‌లో రాసుకో అంటున్నాడు మా సీనియర్. అంతేనా?

ల్యాబ్ అసిస్టెంట్, తిరుపతి:
అంతే. ఉబుంటు ఇచ్చే బ్యాష్‌ఆర్‌సీ, మన హోమ్‌లో బ్యాష్ అలియాసెస్ అనే ఫైల్ ఉంటే దాన్ని తనే చదువుతుంది. అక్కడ రాసుకో. తేడా వస్తే దాని పేరు మార్చేస్తే చాలు.

సర్వర్ అడ్మిన్, చిత్తూరు:
సార్, ఇది నేను ఒప్పుకోను. వేరే ఫైల్ అయినా నడిచేది అదే షెల్‌లో, అంటే మన కమాండ్లు నడిపే అదే బ్యాష్ ప్రోగ్రామ్‌లో. తమ్ముడి పాత్ లైన్ అక్కడ ఉన్నా ఎల్‌ఎస్ పోయేదే. పొరపాటున ఎగ్జిట్ అని రాస్తే, టెర్మినల్ తెరుచుకోగానే మూసుకుంటుంది. పేరు మార్చాలన్నా ఎంవీ కమాండ్ దొరకాలి కదా!

సేవ్ చేశాక ఉన్న టెర్మినల్ మూయొద్దు, పక్కన ఇంకోటి తెరిచి చూడాలి. అసలు జాగ్రత్త అది. బ్యాష్‌కు హైఫన్ ఎన్ ఇచ్చి ఫైల్ పేరు చెబితే, నడపకుండానే సింటాక్స్ తప్పులు చూపిస్తుంది. పాత్ తప్పు మాత్రం దానికి దొరకదు, ఎందుకంటే రాత ప్రకారం ఆ లైన్ సరైనదే.

తమ్ముడూ, ఇన్‌స్టాల్ అవసరమే లేదు. /బిన్/న్యానో అని పూర్తి దారి ఇచ్చి ఉంటే ఎడిటర్ తెరుచుకునేది. చెడిపోని బ్యాష్‌ఆర్‌సీ కాపీ /ఈటీసీ/స్కెల్ ఫోల్డర్‌లో ఎప్పుడూ ఉంటుంది.

ల్యాబ్ అసిస్టెంట్:
పాత్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ నేను రోజూ చూసేది వేరే. పిల్లలు సర్వర్‌లోని తమ బ్యాష్‌ఆర్‌సీ మొదటి లైన్లోనే ‘వెల్కమ్’ అని ఎకో (తెర మీద మాట చూపే కమాండ్) పెడతారు. ఆ సర్వర్‌కు ఎస్‌సీపీతో (నెట్‌వర్క్ మీద ఫైల్ కాపీ చేసే కమాండ్) ఫైల్ పంపితే ఆ మాట మధ్యలో దూరి కాపీ ఆగిపోతుంది. మనిషి టైప్ చేసే షెల్ కాకపోతే మిగతాది చదవకుండా వెనక్కి వెళ్ళిపొమ్మనే లైన్లు ఉబుంటు ఫైల్ పైభాగంలోనే ఉన్నాయి. అలియాసెస్ ఫైల్‌ను చదివేది వాటి తర్వాతే. అక్కడ రాసినవాడికి ఈ బాధ రాదు.

సర్వర్ అడ్మిన్:
అది నిజం సార్. ఎకో, అలియాస్‌లు (కమాండ్లకు మనం పెట్టుకునే పొట్టి పేర్లు) అక్కడే రాయమని నేనూ చెబుతాను. పాత్ మార్చేటప్పుడు మాత్రం రెండో టెర్మినల్ తప్పనిసరి.

బీటెక్ విద్యార్థి:
అన్నా, ఇప్పుడే కావాలని పాత్ చెడగొట్టి, రెండో టెర్మినల్‌లో /బిన్/న్యానో కొట్టి చూశా. తెరుచుకుంది.